ఆడోళ్ల గేటు కాడి ఖాలా

మొన్న పొద్దుగాల ఫోనొచ్చింది. "అక్కా, అమ్మీ పోయింది" అన్నది అవుతల నుంచి ఒక ఆడిపిల్ల. ఎవరో పోల్చుకునేసరికి జరసేపు పట్టింది. మా కరీంనగర్ పాత బజార్ల టాకీసు ఉండేది గదా, అండ్ల ఆడోళ్ల గేటు కాడ కూసునే ఖాలా బిడ్డ. "అయ్యో" అనాల్సింది పోయి, ఎన్నో ఏండ్ల సంది మాటల్లేని నాకు ఈ పిల్ల ఎందుకు చెప్తుంది, నాతోని ఏం పని పడ్డది అని అనుమానపడ్డ. పోయినామె గురించి గట్ల అనుకున్ననని చెప్పుకోవాలంటే సిగ్గే. గని అది చెప్పకపోతే నేను రాసేదంత అబద్ధమైతది.

ఖాలా అంటే ఉర్దూల అమ్మ చెల్లె. ఆమె మాకు చుట్టం కాదు, మా ఇంటెనుక గల్లీల ఉంటుండె. అయినా వాడల ఆడోళ్లందరికీ ఖాలానే. టాకీసుకు ఎదురుంగ మొగోళ్ల దర్వాజ, పక్క సందుల ఆడోళ్ల గేటు. ఆ గేటుకు పచ్చ పర్దా, పర్దా ముంగట ఇనుప కుర్సీ, కుర్సీల ఖాలా, పక్కన ఆమె చాయ్ పొయ్యి. టాకీసు ఓనరైనా సరే గా పర్దా దాటి లోపలికి రావాలంటే ఆమెను అడుగాల్సిందే.

మా వాడంత బీడీలు చేసేటోళ్లే. మ్యాట్నీకి పోయినా చాట ఇడిసిపెట్టకపోతుంటిమి. ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు. తెర మీద బొమ్మ నడుస్తుంటే చేతులు వాటంతట అవే చుడుతుండె. హీరోయిన్ ఏడిస్తే మేం గూడ ఏడ్సుకుంట బీడీకి దారం కడుతుంటిమి. ఖాలాకు తంబాకంటే భయం లేకుండె, అగ్గిపెట్టె అంటేనే భయం. ఉన్నోళ్ల దగ్గర అడిగి తీసుకొని డాల్డా డబ్బల ఏస్తుండె, పోయేటప్పుడు వాపస్ ఇస్తుండె. లేదంటే నమ్మకపోతుండె. కొంగు ముడి ఇప్పి చూసుడు, చాటల ఆకు లేపి చూసుడు. ఒకపారి నా జడల పువ్వులు గూడ తడిమింది.

"నేనేమన్న దొంగనా ఖాలా?" అని లడాయికి దిగిన.

"దొంగవైతే ఫికర్ లేకుండె బేటీ. దొంగ సామాను ఎత్కపోతది, అగ్గిపెట్టె మనుషుల్ని ఎత్కపోతది" అన్నది.

నన్ను కన్న మా అవ్వను మాత్రం ఎన్నడు తడమలే. అవ్వకు బీడీ తాగే అలవాటు. గేటు కాడికి పోంగనే తనంతట తనే అగ్గిపెట్టె తీసి ఖాలా చేతుల పెడుతుండె. ఇద్దరిది ఒక్క ఈడు, పానానికి పానం. "మీ అవ్వను చూసి నేర్సుకో" అని నన్ను ఎక్కిరిస్తుండె ఖాలా.

బొమ్మ షురువైనంక వచ్చినోళ్లకు టార్చిలైటు తోని సీటు చూపెట్టేది ఆమెనే. ఆ లైటు ఎవ్వరి మొఖం మీద కొట్టకపోతుండె, కాళ్ల కాడనే. ఇంట్ల చెప్పకుండ వచ్చిన కోడండ్లు ఎంతమంది ఉంటరో ఆమెకు ఎరుకే. ఒకపారి ఒకాయన పెండ్లాన్ని ఎతుక్కుంట ఒర్రుకుంట వచ్చిండు. "నేను కాళ్లే చూస్త భాయ్, మొఖాలు నాకెరుకలే. నీ పెండ్లాం కాళ్లెట్లుంటయో చెప్పు, పిలుస్త" అన్నది ఖాలా. ఆయన నెత్తి గోక్కుంట వాపస్ పోయిండు. మేం పర్దా ఎనుక కొంగులు నోట్లె కుక్కుకొని నవ్వినం.

గసొంటి టాకీసు ఒక్క మ్యాట్నీల ఖతమైంది. రంజాన్ నెల. ఆ దినం నేను కార్ఖాన్ల బీడీలు అప్పజెప్పబోయిన, అవ్వ ఒక్కతే సినిమాకు పోయింది. ఆడోళ్ల దిక్కు ఎనుక వరస సీట్ల కింద పొగ లేసిందట. ఖాలా గేటు బార్లా తీసి అందర్ని రెక్క పట్టుకొని బయటికి గుంజింది. ఒక్కరికి గూడ ఏం కాలే. సీట్లు, పచ్చ పర్దా కాలినయ్. సర్కారోళ్లు తాళమేసిండ్రు, ఓనరు మల్ల తెరిపియ్యలే. ఏడాది తిరిగేసరికి కూలగొట్టి బట్టల దుకాండ్లు లేపిండు.

బీడీలోళ్లే అంటువెట్టిండ్రని ఓనరు ఒక్కటే లొల్లి. పోలీసులు మా ఆడోళ్లందర్ని నిలవెట్టి అడుగుతుంటే ఖాలా ముంగటికి వచ్చి, "నా చాయ్ పొయ్యి పడ్డది సాబ్. తప్పు నాది" అన్నదట. ఠాణకు తీస్కపోయి మాపటిదాక కూసుండవెట్టిండ్రు. ఆ దినం ఠాణల నల్లా నీళ్లతోనే ఉపాసం ఇడిసింది.

వాడంత పాపం అన్నది. నేనే అనలే. ఉపాసమున్న మనిషి చాయ్ పొయ్యి ఎందుకు ముట్టిస్తది? రంజాన్ వస్తే ఆమె పొయ్యి గేటు కాడ ఉండనే ఉండది, నాకు ఎరుక లేదా? అంటే అబద్ధం చెప్పింది. ఎవరి కోసం? అంతకు ముంగటి వారమే హాల్ల పంఖాలన్ని రిపేరని ఇప్పి పట్కపోయిండు ఓనరు. కూలగొట్టేటోనికే గదా గా తొందర! ఆయన కాలవెట్టిచ్చిండు, ఈమె కప్పిపెట్టింది అని లెక్క కట్టిన. ఏడాదికి గా కొత్త దుకాండ్లు లేసినంక వాటి ముంగటనే ఖాలా చీపురు పట్టుకొని కనవడ్డది. ఇగ చూడు నా సంబురం! ఇంటింటికి పోయి చెప్పిన. "ఓనరు మనిషి" అని ఆమెకు పేరు పడ్డది. పెట్టింది నేనే.

అవ్వ మాత్రం నా మీద గయ్యిమన్నది. "ఖాలా జోలికి పోతే నీ నోట్లె బూడిద పోస్త" అన్నది. టాకీసు కాలిన నాటి సంది అవ్వ బీడీ తాగుడు బందు వెట్టింది. ఏందవ్వా అంటే దగ్గు అన్నది. ఆకు కత్తిరించే కొలత రేకు ఏమైందంటే బస్సుల పడ్డది అన్నది. ఏటేటా రంజాన్‌కు ఖర్జూరాలు కొంగుల కట్టుకొని ఖాలా ఇంటికి పోతుండె. అవ్వ పోయి గూడ శాన ఏండ్లాయె. నేను పెండ్లయి జమ్మికుంటల పడ్డ. కరీంనగర్ బజార్ల ఖాలా ఎదురైతే మొఖం తిప్పుకుంటుంటి. ఒకపారి నా కాళ్ల దిక్కు చూసి, "చెప్పులు మంచిగున్నయ్ బేటీ" అన్నది. నేను ఇననట్టే పక్క సందుల పడి పోయిన.

మూడో దినం బస్సెక్కి పోయిన. దుకాండ్ల ఎనుక సందుల, మీది అంతస్తుల ఒక్క అర్ర. ఖాలా బిడ్డ చాప ఏసి కూసుండవెట్టింది. ఓదార్చాల్సినదాన్ని, నా పాడు నోరు ఆగితేనా! "మీ అమ్మీకి గా ఓనరు ఊర్కెనే పని ఇచ్చిండా?" అని అడిగిన.

పిల్ల తెల్లవోయింది. "ఓనరా? ఠాణ నుంచి వచ్చిన తెల్లారే పనిలకెల్లి తీసేసిండు అక్కా. ఊడ్సే పని దుకాండ్లోళ్లు ఇచ్చిండ్రు" అన్నది.

లేసిపోయి డాల్డా డబ్బ తెచ్చింది. అదే డబ్బ. అండ్ల మసివట్టిన చిన్న రేకు. ఒక మూలకు రెండు బెజ్జాలు, దారం కట్టుకుంటానికి మా బాపు మొల కొట్టి చేసినయ్. బస్సుల పడ్డదని అవ్వ చెప్పిన కొలత రేకే. కాలిన సీటు కింద దొరికిందట. పోలీసులు రాకముందే ఖాలా కొంగుల ఏసుకున్నదట.

"పేరు బయటవడితే మీ అవ్వను జైల్ల ఏస్తుండ్రి. అందర్ని తడిమి ఆమె ఒక్కదాన్ని తడమకపాయె, తప్పు నాది గూడ అంటుండె అమ్మీ" అన్నది పిల్ల. "గిది నేను పోయినంకనే ఆమె బిడ్డకియ్యి అన్నది. నేనుండంగ ఇస్తే నా ముంగట తలకాయ దించుకోవాలె, పాపం అన్నది."

ఓనరు పంఖాలు ఎందుకు ఇప్పిండో నాకు ఇయ్యాల్టికి అనుమానమే, అది పోదు. అగ్గి బీడీదో, వైరుదో గూడ ఎవ్వరికి ఎరుక లేదు. గని ఊరందర్ని అనుమానించిన నేను మా ఇంట్ల అవ్వను ఒక్కమాట అడుగలే. మా అవ్వను కాపాడినామెకు ఊర్ల మొఖం లేకుండ చేసిన. మన్నించు ఖాలా అంటానికి గూడ ఆమె లేదు.

రేకు కొంగున ముడేసుకొని లేసిన. మెట్లు పట్టపగలే చీకటి. ఏడుపు ఆగుతలేదు, గోడ పట్టుకొని దిగుతున్న. ఎనుక నుంచి పిల్ల ఫోను లైటు ఏసింది. నా మొఖం మీద కాదు, కాళ్ల కాడ.

"మెల్లగ అక్కా, గీడ మెట్టు ఇరిగింది" అన్నది. ఆ ఎలుగుల ఒక్కొక్క మెట్టు చూసుకుంట దిగిన.