సాయంత్రం ఐదింటి ఫోన్

మలేసియాలో సముద్రం పక్కన ఒక ఊరుంది. మన దేశంలో రిటైరై వెళ్లినవాళ్లు కొందరు అక్కడ ఒకేచోట ఇళ్లు తీసుకుని ఉంటున్నారు. నాతో పాటు కాలేజీలో పాఠాలు చెప్పిన ఒకావిడ వాళ్లలో ఉంది. "నువ్వూ వచ్చెయ్యరాదా" అని ఏడాదిగా నా చెవిలో జోరీగలా పోరుతోంది. నేను పెళ్లి చేసుకోలేదు. వెనకాముందూ ఎవరూ లేరు. విజయవాడ ఎండలు ఇక నా వల్ల కాదు. తీరా కాగితాలన్నీ సిద్ధమయ్యాక ఒక భయం పట్టుకుంది. పరాయి దేశంలో ఒంటరిగా ప్రాణం పోతే ఎవరికి తెలుస్తుంది, ఎన్నాళ్లకి తెలుస్తుంది? ఆ సంగతి తేలకుండా సంతకం పెట్టదలచుకోలేదు.

అక్కడికెళ్లిన మనవాళ్లని అడిగితే అంతా బాగుందనే అంటారు. అదే మన దగ్గరికొచ్చి ముసలివాళ్లయిన పరాయివాళ్లని అడిగితే నిజం తెలుస్తుందనిపించింది. మదనపల్లెలో చదువుకున్న ఒక స్నేహితురాలు మూడు పేర్లు చెప్పింది. మదనపల్లెలో జర్మనీ నుంచి వచ్చిన నర్సు మార్తా, పుంగనూరులో అక్కడి మాస్టారిని పెళ్లాడి, ఆయన పోయాక ఒంటరిగా మిగిలిన స్కాట్లండ్ ఆవిడ ఎల్సీ, కుప్పంలో పట్టుపురుగుల పెంపకం నేర్పడానికొచ్చిన హాలండ్ ఆయన పీటర్.

తిరుపతి దాకా రాత్రి రైలు, అక్కణ్ణుంచి ఉదయం ఏడున్నర బస్సు. పీలేరులో ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, కాఫీ గురించి మాట్లాడకపోవడమే మంచిది. పక్క సీట్లో టమేటా మండీ వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు.

"మదనపల్లెలో యాడికి పోవల్లమ్మా?" అన్నాడు. మార్తా పేరు చెప్పాను.

"మార్తమ్మా! మా అమ్మకి కాన్పు చేసింది ఆయమ్మే. నేను పుట్టినప్పుడు నన్ను ముందు పట్టుకునింది ఆ చేతులే" అంటూ నా సంచి దించి, ఆటో మాట్లాడి మరీ పంపించాడు.

మార్తమ్మకి ఎనభై దాటి ఉంటాయి. మోకాళ్లు పట్టేసి ఇల్లు కదలడం లేదు. జర్మన్ మనిషి నోట చిత్తూరు మాట వింటే నవ్వొచ్చింది గానీ, ఆవిడ చెప్పిన విషయాలు నవ్వులాటవి కావు. నా వెనకాల వెళ్లేవాళ్లకి పనికొస్తాయని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"సూడమ్మా, పోతానే ఇల్లు కొనొద్దు. ఒక వానాకాలం బాడిగింట్లో ఉండి సూడల్ల. జబ్బు చేసినంక ఆసుపత్రి వెతుక్కుంటే లాభం లేదు, ముందే సూసి పెట్టుకో. ఎప్పుడూ మీవాళ్ల మధ్యనే కూసోవద్దు. కూరగాయలామె నిన్ను పేరు పెట్టి పిలిస్తే అప్పుడు ఆ ఊరు నీది."

"ఒంటరిగా ప్రాణం పోతేనో?" అని అడిగేశాను.

ఆవిడ గోడ గడియారం వంక చూసింది. సరిగ్గా ఐదు కాగానే ఫోన్ తీసి నంబరు నొక్కింది. చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి శబ్దం పెద్దగా పెట్టుకుంటుంది, అందుకే నాకూ వినిపించింది.

"ఉండావా?"

"ఉండాను." బొంగురు గొంతు, చాలా దూరం నుంచి వచ్చినట్టుంది. అంతే, పెట్టేసింది.

"ఎల్సీ" అంది మార్తమ్మ. "ఇప్పుడు ఎల్సీ పీటర్‌కి చేస్తాది. పీటర్ నాకు చేస్తాడు. ముందర మేము చానామందిమి ఉంటిమి. ఒకాయన పోయిన సంగతి పాలాయన చెప్పేదాకా మాకు తెలీలేదు. ఆ పొద్దు నుంచి ఈ ఏర్పాటు."

కాసేపటికి పీటర్ ఫోన్ వచ్చింది. ఆవిడ "ఉండాను" అని, అప్పుడు కాఫీ తాగింది. నా గుండె మీద బరువు సగం దిగింది. ఇంత సులువైన ఉపాయం నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. వచ్చేటప్పుడు ఒక సీసా చేతికిచ్చింది.

"టమేటా పచ్చడి. ఎల్సీ ఇంట్లో ఇయ్యి. కారం దండిగా ఏసినాను, అట్లుంటేనే తినేది."

రాత్రి బస్టాండు పక్క లాడ్జిలో పడుకున్నాను. మంచం శుభ్రంగానే ఉంది, దోమలు కూడా వాటి పని శ్రద్ధగా చేశాయి. మర్నాడు ఉదయం పదింటికి పుంగనూరులో దిగి, చర్చి పక్కన ఎల్సీ ఇల్లు పట్టుకున్నాను. గుమ్మంలో ఆడవాళ్ల చెప్పుల జత ఒకటి, మడమలు అరిగినది. వంటచేసే రూతమ్మ తలుపు తీసింది. యాభై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం చిన్నపిల్లలా సన్నగా ఉంది.

"ఎల్సీగారున్నారా?"

"ఉండాది. రాండమ్మా."

ఆమె వెనకే నడిచాను. ముందుగదిలో బల్ల మీద కళ్లద్దాలు, పక్కన సాసరు మూసిన టీ కప్పు. కప్పు మీద చెయ్యి పెట్టి చూస్తే ఇంకా వేడిగా ఉంది. వంటిల్లు దాటి, పెరటి తలుపు తీసుకుని, చర్చి ఆవరణలోకి వెళ్లాం. రూతమ్మ ఒక సిమెంటు సమాధి దగ్గర ఆగింది. దాని మీద తాజా బంతిపూలు ఉన్నాయి.

"ఈడే ఉండాది. వానలు రాకముందే పోయింది అమ్మ."

 "నిన్న ఆవిడ గొంతు నా చెవులతో విన్నానే!" అన్నాను.

"ఫోను తీసింది నేనేనమ్మా. పోయే ముందర అమ్మ చెప్పింది. ఐదింటికి మోగితే తియ్యి రూతూ, మార్తాని బయపెట్టొద్దు అని. ఆయమ్మకు ఇంకా తెలీదు. చెప్పేదానికి నాకు నోరు రాలేదు."

"ఆ గొంతు నీది కాదు కదా."

రూతమ్మ పూలు సర్దుతూ, "నాకూ తెలీదమ్మా. ఫోను ఎత్తితే వస్తాది" అంది.

 సీసా ఇచ్చాను. "అమ్మ కారం ముట్టేదే కాదు. నాకైతే ప్రాణం" అని కొంగుతో తుడిచి లోపలికి తీసుకెళ్లింది. భోంచేసి వెళ్లమంది గానీ, ఆ టీ కప్పున్న బల్ల ముందు కూర్చోలేకపోయాను.

పలమనేరులో బస్సు మారి, పెరుగన్నం తిని, నాలుగింటికి కుప్పం చేరాను. ఊళ్లో అందరూ ఆయన్ని పీటరప్ప అంటారు. పొడుగాటి మనిషి, పంచె కట్టు, ఇంటి చుట్టూ మల్బరీ మొక్కలు. ఎల్సీ సంగతి ఈయనకి ఎలా చెప్పాలా అని గింజుకుంటుండగానే ఐదయ్యింది, ఫోన్ మోగింది. ఆయన స్పీకర్‌లో పెట్టాడు.

"ఉండావా?" నిన్న విన్న ఆ బొంగురు గొంతే. పొద్దున నాతో మాట్లాడిన రూతమ్మ గొంతు అందులో ఎక్కడా లేదు.

"ఉండాను, ఎల్సీ" అన్నాడు పీటరప్ప. తర్వాత మార్తమ్మకి చేశాడు.

ఇక ఆగలేక చెప్పేశాను. ఆయన తల ఊపాడు. "తెలుసమ్మా. ఈ చేత్తోనే మన్ను ఏసినాను."

"మరి ఎల్సీ అన్నారే!"

"ఆ యాళకి ఫోను చేసేది ఎల్సీనే కదా. మార్తాకు మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేదు." వెళ్లేటప్పుడు, "క్షేమంగా పోయి చేరినావో లేదో తెలియల్ల" అని నా నంబరు తీసుకుని, తనదీ ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం కుప్పంలో చెన్నై రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. జోలార్‌పేట దాటాక ఎదురుగా కూర్చున్నావిడ డబ్బా తెరిచి పులిహోర పెట్టింది, పక్కన కాస్త ఆవకాయ. నోట్లో కారం తగలగానే చెయ్యి ఆగిపోయింది.

మార్తమ్మ సీసా గుర్తొచ్చింది. ఎల్సీ కారం ముట్టదు. అన్నేళ్ల స్నేహితురాలికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? కారం దండిగా వేసింది రూతమ్మ కోసం. మార్తమ్మకి అంతా తెలుసు. రూతమ్మ బాధపడుతుందని మార్తమ్మ దాచింది, మార్తమ్మ తట్టుకోలేదని రూతమ్మా పీటరప్పా దాచారు. అందరికీ తెలిసి కూడా ఆ ఇంటికి రోజూ ఫోన్ వెళుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందనుకుని ఎదుటావిడ నీళ్ల సీసా ఇచ్చింది.

ఐదు దాటగానే నా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"ఉండావా?" అదే బొంగురు గొంతు.

 పెట్టేద్దామనుకున్నాను. నోరు మాత్రం, "ఉండాను" అనేసింది.

"ఇంక పీటర్‌కి నువ్వే చెయ్యి."

ఫోన్ ఆగిపోయింది. పీటరప్ప నంబరు నొక్కాను. ఒక్కసారి మోగగానే ఎత్తాడు.

"ఉండావా?" అన్నాను.

"ఉండాను, ఎల్సీ."

కాదని చెప్పలేదు. సంచిలోంచి మలేసియా కాగితాలు తీసి, రైలు కుదుపులకి వంకరపోతున్నా సంతకాలు పెట్టేశాను. ఇక్కడ ఐదైతే మలేసియాలో రాత్రి ఏడున్నర. భోజనం ఆ తర్వాత పెట్టుకోవచ్చు.