ఉపదేశి ఆపిన చోటు

చలికాలం సాయంత్రాల్లో ప్రొద్దుటూరు మార్కెట్ దగ్గర ఎవరైనా పచ్చి జొన్నకంకులు నిప్పుల మీద కాలిస్తే, ఆ వాసనకు పెద్దముడియం దగ్గరి మా పల్లె, సున్నం రాలే చిన్న చర్చి, కోత పండుగకు దూలాలకు వేలాడదీసిన కంకుల గుత్తులు, వాటి కింద దాగుడుమూతలాడే మేము, బయట మూడు రాళ్ల మీద ఉడికే మాంసం కూర, అన్నీ వరుసగా గుర్తొస్తాయి. చివరికి మా జేజి గుర్తొస్తుంది. అక్కడితో నోరు చేదవుతుంది.

పెద్దోళ్ల కక్షల్లో పక్క ఊరివాళ్లు వేసిన బాంబుకు మా చిన్నాయన చనిపోయాడు. కేసు కోర్టులో నిలవలేదు. కన్నతల్లి అయిన జేజికి ఇక మిగిలింది దేవుని తీర్పే. ప్రతి కోత పండుగకు మా ముసలి ఉపదేశి బైబిల్లోని ఆమోసు ప్రవక్త మాటలు చదివేవాడు. దేవుడు పొరుగు పట్టణాలను ఒక్కొక్కటే పేరుపెట్టి పిలిచి, వాటి పాపాలు చెప్పి, నిప్పు పంపుతాననే భాగం. ఒక్కో పట్టణం పేరుకు మావాళ్లు మనసులో ఒక్కో పక్క ఊరిని పెట్టుకునేవాళ్లు. జేజి మాత్రం తొడ చరిచి పైకే అనేది: "పడాల సామీ, వాళ్ల మిద్దెల మీద పడాల!"

"మెల్లగా అడుగత్తా, దేవునికేం చెవుడా?" అని వెనక ఎవరో నవ్వేవాళ్లు.

ముసలాయన ఏటా ఒకే చోట ఆపి పుస్తకం మూసేవాడు. అంతటితో అయిపోయిందనుకునేవాళ్లం.

ఆయన పోయాక ఖాజీపేట నుంచి వచ్చిన కొత్త ఉపదేశి అక్కడ ఆపలేదు. పొరుగు పట్టణాలు అయిపోగానే నిప్పు ప్రవక్త సొంత జనం వైపే తిరిగింది. జేజి ఎత్తిన చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

భోజనాల దగ్గర ఆయన ముందు కూర్చుని అడిగింది. "ఏందప్పా, దాంట్లో మన ఊరు గుడా ఉంటాదా?"

"ఉంటాదవ్వా. ఆయనకు అందరూ ఒకటే."

"మావోడు గుడా ముందు వాళ్లింటి మీదికి పోయినాడప్పా. ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉన్నింది." ఆయనకు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "మల్ల నా కొడుకు యాడుండాడు ఇప్పుడు?"

ఉపదేశి కలిపిన ముద్ద విస్తరిలోనే వదిలేశాడు.

తర్వాత జేజి చర్చికి రాలేదు. తీర్పు కావాలనీ అడగలేకపోయింది, వద్దనీ అడగలేకపోయింది. ఆ మౌనంలోనే పోయింది.

ఇప్పుడు మా పల్లెలో జొన్న వేసేవాళ్లు లేరు. చర్చికి స్లాబు పడింది, మైకులో స్వస్థత ప్రార్థనలే వినిపిస్తాయి. మొన్న మార్కెట్లో కంకులు కాలుస్తున్న మనిషిది బాంబు వేసిన ఆ పక్క ఊరేనని తెలిసింది. వాళ్ల చర్చిలోనూ అదే భాగం చదివేవాళ్లట. చంటి మనవణ్ణి పోగొట్టుకున్న ఒక ముసలమ్మ మా ఊరి పేరు చెప్పి నిప్పు అడిగేదట. అక్కడి ఉపదేశి మాత్రం ఆమె ఉన్నన్నాళ్లూ మా ముసలాయన ఆపిన చోటే ఆపుతూ వచ్చాడు. ఆమె నమ్మకంతోనే కన్ను మూసింది.

మా జేజికి అదీ దక్కలేదు.