ఇద్దరత్తలూ వదులుకున్న పిల్ల

మా అక్క దర్జీ. ముప్పై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. ముందు గదిలో మిషను, వెనక గదిలో మంచం, మధ్యలో గుడ్డముక్కల మూటలు. ఏ పని తలపెట్టినా ముందు బైబిల్లో వెతికేది. అది మా నాన్న నేర్పిన అలవాటు. "ఏం చెయ్యాలో తోచనప్పుడు మీరు ఏ కథలో నిలబడ్డారో చూసుకోండి" అనేవాడాయన. నేను బస్సు కండక్టర్ని, నాకంత తీరికెక్కడిది? అక్క మాత్రం పక్క కొట్టాయనతో మాటామాటా వచ్చినా సరే, ఒక కథ పట్టుకుని కూర్చునేది. "ఫ్యాను బాగుచేయించడానికి కూడా మోషే వచ్చి చెప్పాలా తల్లీ?" అని ఏడిపించేదాన్ని. "నీ నోటికో దండం" అని నవ్వేది.

నిజం చెప్పొద్దూ, చాలాసార్లు ఆమె మాటే నెగ్గింది. ఒకరోజు డిపోలో గొడవపడి, ఉద్యోగం వదిలేస్తానని చిందులు తొక్కాను. ఆకలికి ఆగలేక ఏశావు గిన్నెడు కూటికి పెద్దకొడుకు హక్కునే తమ్ముడికి అమ్ముకున్న కథ ఎత్తుకుంది. "ముందు అన్నం తిను, తర్వాత రాజీనామా రాద్దువుగాని" అంది. తిన్నాక రాయబుద్ధి కాలేదు.

మా తమ్ముడూ వాడి భార్యా ఒకే ప్రమాదంలో పోయారు. ఆరేళ్ళ పిల్ల మిగిలింది. పిచ్చుక అని పిలిచేవాళ్ళం. అక్క పెళ్ళి చేసుకోలేదు, నాకు పిల్లలు లేరు. ఇద్దరికీ అది కావాలి. "నా దగ్గరుంటుంది" అని నేను. "పొద్దస్తమానం రోడ్ల మీదుండేదానివి, నువ్వేం చూస్తావే?" అని అక్క. నోటికొచ్చినట్టు అనుకుని వారంపాటు మాటలు మానేశాం. ఆ వారంలో ఇద్దరికీ, విడివిడిగా, ఒకే కథ గుర్తొచ్చింది.

సొలొమోను రాజు ముందు ఇద్దరు ఆడవాళ్ళు ఒక బిడ్డ కోసం కొట్లాడతారు. బిడ్డని చెరిసగం చెయ్యమని రాజు కత్తి తెప్పిస్తాడు. ఒకామె గుండె పగిలి, "వద్దు బాబూ, ఆమెకే ఇచ్చెయ్యండి" అంటుంది. ఆమే కన్నతల్లి అని రాజు బిడ్డని ఆమె చేతికే ఇస్తాడు. ఎక్కువ ప్రేమ ఉన్నావిడే వదులుకుంటుందని నాన్న వందసార్లు చెప్పాడు మాకు.

ఆదివారం కొట్లో కలిశాం. పిల్ల పిన్ని, అంటే వాళ్ళమ్మ చెల్లెలు, ఊరికి వెళుతూ చూసిపోదామని వచ్చింది. పిచ్చుక ఒళ్ళో సంచీ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అక్క దానికి గౌను కత్తిరిస్తోంది. "జేబులు పెట్టు పెద్దత్తా, రెండు" అని అడిగింది పిల్ల.

"అక్కా, దీన్ని నువ్వే ఉంచుకో" అన్నాను.

అక్క కత్తెర ఆపింది. "వద్దు. నువ్వే తీసుకెళ్ళు."

"నువ్వే ఉంచుకోమన్నానా!"

"నాకొద్దంటే వద్దు."

"అయితే నాకూ వద్దు!"

నా నోట్లో మన్నుపడ, అనేశాను. ఏడుపు బయటపడకుండా ఇద్దరం గొంతులు కటువు చేసుకున్నాం. చివరికి ఆమే తీసుకుంటుందని నేను, నేనే తీసుకుంటానని ఆమె. బిడ్డని ఎత్తి ఎవరో ఒకరి చేతిలో పెట్టడానికి అక్కడ రాజు లేడు.

పిచ్చుక మా ఇద్దరి మొహాలూ చూసింది. "నేను అన్నం కొంచెమే తింటాను" అంది.

పిన్నికి మా కథలేవీ తెలియవు. లేచి పిల్లని చంకనేసుకుంది. "వద్దన్నవాళ్ళ గుమ్మంలో దీన్నెందుకు వదులుతాను?" అని దిగి వెళ్ళిపోయింది. నేను పిలిస్తే అక్క దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుందని నేను ఆగాను. అక్కా అందుకే ఆగిందట.

తర్వాత రెండుసార్లు వెళ్ళాం. "మీ పేరెత్తితే దానికి జ్వరం వస్తోంది, రాకండి" అంది పిన్ని, తలుపు సగమే తీసి. అక్క మళ్ళీ వెళ్ళలేదు. అప్పట్నుంచి ఏ పనికీ బైబిల్లో కథ వెతకలేదామె. ఊరికే చదువుకునేది, అంతే. ఏటా పిల్ల పుట్టినరోజుకి మాత్రం, ఎంత ఎదిగి ఉంటుందో అందాజు వేసుకుని ఒక గౌను కుట్టేది.

పోయిన నెల అక్క పోయింది. కబురు పెడితే పిచ్చుక వచ్చింది. పొడుగ్గా, అచ్చం మా తమ్ముడే. బీరువా తెరిచి చూపించాను. పదమూడు గౌన్లు, అన్నింటికీ రెండేసి జేబులు. అప్పుడు చెప్పాను, ఆ రోజు మేమెందుకు వద్దన్నామో, ఏ కథ చూసుకుని అన్నామో. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

పిచ్చుక అన్నిటికన్నా చిన్న గౌను తీసి ఒళ్ళో పెట్టుకుంది. జేబులో రెండు వేళ్ళు మాత్రమే పట్టాయి.

"ఆ కథలో పాపకి మాటలు రావు చిన్నత్తా," అంది. "నాకు వచ్చుగా. నన్నడిగి ఉంటే, ఎవరి దగ్గరైనా సరే, ఉంటాననేదాన్ని."