చివరికి దాచిన పాట

కిందటేడు వార్షికోత్సవంలో అన్నిటికన్నా మంచి పాటను చివరికి దాచి, అందరినీ ఆశ్చర్యపరిచింది నేనేనని మా విభాగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ పాట నా చేతిలో మాయమవబోయింది.

క్యాంపస్‌లో ఆ విభాగం ఆఫీసుకు నేను సూపరింటెండెంట్‌ని. కార్యక్రమాల జాబితా ఒక్క పేజీలో ఉండాలని మా హెడ్ గారి పట్టుదల. ఎక్సెల్‌లో పాటలు, నృత్యాలు, నాటికలు అని వరసలను గ్రూపులు చేశాను. పక్కనున్న మైనస్ గుర్తు నొక్కితే లోపలి వరసలు మూసుకుపోయి శీర్షిక మిగులుతుంది. ప్లస్ నొక్కితే మళ్లీ తెరుచుకుంటాయి. వచ్చినవాళ్లందరికీ మూసి తెరిచి చూపించడం నాకొక సరదా.

"చాలు సార్, గా డబ్బా మూత అరిగిపోతది," అనేది పక్క టేబుల్ సీనియర్ అసిస్టెంట్.

ఆవిడ ఆ ఏడే మొదటిసారి నలుగురిలో పాడతానంది. నాట్లు వేస్తూ వాళ్లమ్మ పాడిన పాట. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సెలవు పెట్టి భర్త వచ్చాడు. అత్తగారు ముందు వరసలో కూర్చుంది.

ప్రింట్ తీసేముందు గ్రూపులన్నీ తెరిచాను, 'ఇతర అంశాలు' ఒక్కటి తప్ప. అంతా ఒక్క పేజీలో పట్టిందని మురిసిపోయాను. ఆవిడ పేరు ఆఖర్లో ఇవ్వడంతో పాటను చేర్చింది అందులోనే. వేదిక మీది అమ్మాయి "ఇతర అంశాలు" అని చదివి, కింద ఏమీ లేకపోవడంతో వందన సమర్పణకు పిలిచేసింది. బగారా అన్నం వాసనకు జనం లేచారు.

"ఏందే, నీ పాటేది?" అంది అత్తగారు.

"పిలుస్తలేరు అత్తమ్మా," అంది ఆవిడ, తల దించుకుని.

ల్యాప్‌టాప్‌లో ప్లస్ నొక్కాను. ఆవిడ పేరు బయటికొచ్చింది. పరుగెత్తి మైకు లాక్కున్నాను.

"ఆగండి! అసలు పాటను చివరికని దాచాం!"

ఆవిడ గొంతెత్తింది. రెండో చరణానికి పళ్లేలు పట్టుకున్నవాళ్లు వంత పాడారు, వడ్డించేవాళ్లు గరిటెలతో తాళం వేశారు. అత్తగారు వెనక్కి తిరిగి, "మా కోడలు!" అని వరసవరసకీ చెప్పింది.

మర్నాడు తార్నాకలో చాయ్ తాగుతూ ఆవిడకు నిజం చెప్పాను.

"నాకెర్కే సార్. మీరు ఉరికిన తీరుకే తెల్సింది. మా అత్తమ్మకు మాత్రం చెప్పకుండ్రి. దాచిన పాటని లాలాగూడంత చెప్పుకుంట తిరుగుతున్నది."

నాకూ ఆ మౌనం హాయిగానే ఉంది. కానీ ఏడాదిగా ఎవరు ఆ పాట తలుచుకున్నా నా తెలివినే మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు ఆవిడది. నిన్న ఆవిడతో ఆ మాటే అని, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను.

"అయితే చెప్పుండ్రి," అని నవ్వింది. "అత్తమ్మకు నేనే చెప్పిన. నవ్వి నవ్వి పొలమారింది. మరి ఈసారి నన్ను ఏ డబ్బల పెడ్తున్రు?"

"ఏ డబ్బాలోనూ కాదండీ."

ఆవిడ పేరు జాబితాలో మొదటి వరసలో రాశాను. పక్కన మైనస్ గుర్తు లేదు.