వేట తెరిచాక ఆగిపోయిన నవల

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా నచ్చక మానేశాను. నా నవలల్లో డిటెక్టివ్ ఇసకలో అడుగు చూసి హంతకుడి ఎత్తు చెప్పేస్తాడు. వాణ్ని పుట్టించిన నాకు మాత్రం, విజయనగరం బజార్లో నేనే పెట్టిన స్కూటరు వెతుక్కోవడానికి ఇంకో మనిషి సాయం కావాలి.

2023 జూన్. సముద్రంలో చేపల వేట మీద ఏటా రెండు నెలలుండే నిషేధం అప్పుడే ఎత్తేశారు. ఒక పొద్దున్న భావనపాడు నుంచి అప్పన్న అని ఒక పడవ యజమాని మా ఇంటికొచ్చాడు.

"నీలం పడవ నవల రాసింది నువ్వేనా బాబూ?"

పొగడ్డానికొచ్చాడనుకుని కుర్చీ వేశాను.

"అయితే మా ఊరొచ్చి, నానెవుణ్నీ సంపనేదని సెప్పు."

ఆ నవల్లో ఒక పడవ యజమాని ఉన్నాడు. నీలం పడవ. వేటకెళ్లే ముందు టీ మొదటి గుక్క సముద్రానికి పోస్తాడు. అందరూ వాణ్నే అనుమానిస్తారు. మా పనిలో దీన్ని రెడ్ హెరింగ్ అంటాం, అంటే పాఠకుడి చూపు తప్పుడు మనిషి మీదికి మళ్లించడం. తీరా చూస్తే అప్పన్న పడవా నీలమే. అతనూ టీ పోస్తాడట. అతని పడవ మీద పనిచేసే కలాసీలని పెళ్లాలు ఎక్కనివ్వడం లేదు. ఊళ్లో పడవలన్నీ వేటకెళ్తుంటే అతనిది ఇసకలో ఎండుతోంది.

ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. పోనీ ఎప్పుడైనా ఆ ఒడ్డున కూర్చున్నప్పుడు చూసి మరిచిపోయానా? కల్పించానా, కాపీ కొట్టానా? ఇప్పటికీ నాకు తెలీదు.

ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. ఒడ్డున జనం చేరారు. మంచి చేసుకుందామని అందరికీ టీలు చెప్పి మొదలెట్టాను. ముందు నిలబడింది నూకాలమ్మ, పెద్ద కలాసీ భార్య.

"పుస్తకంలోదంతా అబద్ధమమ్మా."

"అప్పన్న టీ పొయ్యడా?"

"పోస్తాడు."

"పడవ నీలం కాదా?"

"నీలమే."

"మరి అబద్ధమేటి? మా ఊరు రాకుండా ఇవన్నీ నీకెలాగ తెలిసినాయి?"

"తెలీదు. రాశానంతే."

"తెలీకుండా రాసీసినావా? మరి నిన్నేటి నమ్మీది?"

నేను ఎంత విడమరిస్తే అప్పన్న అంత ఇరుక్కుంటున్నాడు. డబ్బిచ్చి తెచ్చుకున్నాడని వెనకాల ఎవరో గొణిగారు. అప్పన్న నా వైపు చూసిన చూపుకి, అతన్ని నిజంగా నేనే ఇరికించానేమో అనిపించింది.

విసుగొచ్చి అనేశాను: "చివర్లో ఆ పడవాయన కాదని తేలిపోతుంది కదా! చదవలేదా?"

అప్పుడు నూకాలమ్మ చెప్పింది. నిషేధం రోజుల్లో మగాళ్లు పాకలో వలలు కుట్టుకుంటుంటే, ఆవిడ కోడలు నా నవల రోజూ కొంత పైకి చదివేదట.

"సగంలో ఉండగా వేట తెరిసీసినారు. వలలు పడవెక్కిపోయినాయి. ఇంక సదివీదెవులు, ఇనీదెవులు?"

అంటే అప్పన్నని హంతకుణ్ని చేసి ఊరు ఊరంతా సముద్రం మీదికెళ్లిపోయింది!

"మరైతే సంపిందెవులు?" అంది.

"విజయనగరం నుంచొచ్చి, అందరికీ టీలు తాగించి, ఊసులు లాగిన పెద్దమనిషి."

నోట్లోంచి వచ్చాక అర్థమైంది నాకు. అందరూ నన్ను చూశారు. చేతుల్లో గ్లాసులు చూసుకున్నారు. ఒక్కొక్కటే ఇసకలోకి దిగాయి.

"మా ఆయన రేపు అప్పన్న పడవెక్కుతాడు గానీ," అంది నూకాలమ్మ, "నువ్వు ముందు బస్సెక్కు."

నవ్విందో లేదో కనిపెట్టలేకపోయాను. నా డిటెక్టివ్ అయితే కనిపెట్టేవాడు.

చివరి పేజీలో నిజం చెప్తే చాలనుకునేవాణ్ని అప్పటిదాకా. అక్కడిదాకా ఎవరు వస్తారో, ఏ పనికి సగంలో లేచిపోతారో మనకేం తెలుసు? ఇప్పుడు తప్పులేని వాణ్ని సగం పుస్తకం దాటకుండా వదిలేస్తున్నాను. సస్పెన్స్ తగ్గిందని తిడుతున్నారు. తిట్టనీ.

మర్నాడు పడవ సముద్రంలోకి దిగిందని అప్పన్న ఫోన్ చేశాడు. సంతోషం పట్టలేక, "మావా, వచ్చే నవల్లో నిన్నే డిటెక్టివ్‌ని చేస్తాను!" అన్నాను.

"వద్దు బాబూ," అన్నాడు. "హంతకుణ్ని సేత్తే పడవెక్కడమే మానేసినారు. డిటెక్టివ్‌ని సేత్తే నా ముందర నోరిప్పడం కూడా మానేత్తారు."