గ్లాసులోకి దిగిన హాప్స్ వాసన

గురుగ్రామ్‌లో మా ఫ్లాటు వంటింట్లో నేను బీరు కాస్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉద్యోగమే, ఇది మాత్రం నా ఇష్టం కొద్దీ పట్టుకున్న పని.

చేదు కుదిరేది, నురుగు కుదిరేది, వాసనే ఉండేది కాదు. బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చేవి హాప్స్ అనే పువ్వులు. వాటిని దంచి గుళికలుగా చేసి అమ్ముతారు. ప్యాకెట్ విప్పగానే నారింజ తొక్కా, మామిడీ కలిసినట్టు గుప్పుమనేది. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానబెట్టిన నీళ్లు మరుగుతుండగా వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడేది. తీరా గ్లాసులో పోసుకుంటే ఉత్త చేదు. ఇంకాస్త ఎక్కువ వేసి చూశాను. చేదే పెరిగింది.

ఇళ్లలో బీరు కాసేవాళ్లం అప్పుడప్పుడు సాకేత్‌లో ఒక మిత్రుడి డాబా మీద కలుస్తాం. ఒకసారి నా సీసా రుచి చూసిన ఒకాయన మర్యాదగానే, "అచ్ఛా హై, లేకిన్ ఖుష్బూ నహీ హై" అన్నాడు. బాగుంది గానీ వాసన లేదట. నిజమే కాబట్టి మరీ గుచ్చుకుంది.

ఆ వారమే చారు పెడుతూ, పొయ్యి కట్టేశాక కొత్తిమీర వేసి మూతపెట్టాను. రోజూ చేసే పనే. కానీ ఆవేళ చెయ్యి మూత మీదే ఆగిపోయింది. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే, ఆ వాసన గిన్నె వదిలి పోయినట్టే కదా!

ఈసారి మరుగుతున్నప్పుడు చేదుకు సరిపడా కొంచెమే వేశాను. మంట ఆపి, కాస్త చల్లారాక మరికొంత వేసి మూతపెట్టాను. ఎక్కువ భాగం దాచి ఉంచాను. ఇక్కడి ఎండలకు పాడవకుండా పాత ఫ్రిజ్‌లో పులియబెట్టి, పులియడం అయిపోవస్తుండగా ఆ దాచిన హాప్స్ కలిపి, గాలి చొరబడకుండా బిగించాను.

అప్పుడు అమ్మ నా దగ్గరే ఉంది. నర్సుగా రిటైరైన మనిషి. చర్చి మానదు, తాగుడంటే గిట్టదు. నా పాత ఫ్రిజ్ వైపు కన్నెత్తి చూసేది కాదు. నేను వంటింట్లో మొదటి సీసా తెరిచి గ్లాసులో పోస్తుంటే, హాల్లోంచి అడిగింది.

"బత్తాయిలు ఎప్పుడు తెచ్చావే? నాకూ రెండు తొనలియ్యి."

గ్లాసు పట్టుకెళ్లి అమ్మ ముందు నిలబడ్డాను.

"బత్తాయి కాదమ్మా. నా బీరు."

అమ్మ గ్లాసు ముట్టుకోలేదు. ముందుకు వంగి వాసన చూసింది. కళ్లు మూసుకుని మళ్లీ చూసింది.

"తాగడం నా వల్ల కాదు గానీ, వాసన మాత్రం భలే తెచ్చావే."

సాకేత్ డాబా మీద కూడా ఆ సీసాలు మెప్పు పొందాయి. కానీ నాకు ఎక్కువగా గుర్తున్నది మొదటి సీసా తెరిచిన ఆ సాయంత్రమే. కాకినాడలో ఉన్న పిన్నితో అమ్మ ఫోన్‌లో అంటోంది, నాకు ఆఫీసు పనే కాదు, చేతిపని కూడా బ్రహ్మాండంగా వచ్చునని. ఏం చేస్తుందని పిన్ని అడిగినట్టుంది.

"అది మాత్రం అడక్కు," అంది అమ్మ.