రైలు పంతులు చేసిన పెట్టెలు

అరకులోయలో రైలు కూత వినబడని రోజుల్లో నన్నక్కడ రైలు పంతులు అనేవారు. ఆ బిరుదు నాకెవరూ పిలిచి ఇవ్వలేదు. సంతసంతకీ తిరిగి, నోరు నొప్పెట్టేలా మాట్లాడి నేనే సంపాదించుకున్నాను. హుకుంపేట దారిలో ఒక చిన్న గూడెంలో పాకబడికి నేను పంతుల్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా ఊరు విజయనగరం దగ్గర. పొలం గట్టు మీద నిలబడితే చాలు, రైలు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడేది. అందుకని రైలంటే నాకు కొట్టిన పిండి అనుకునేవాణ్ణి. నిజానికి అప్పటిదాకా నేను రైలెక్కి ఎరగను. చదువుకీ, ట్రైనింగుకీ, చుట్టాల పెళ్లిళ్లకీ అన్నిటికీ నడిచో, ఎడ్లబండి మీదో వెళ్లినవాణ్ణే. కొండెక్కాక మాత్రం, ఇంజను నిన్ననే దిగి వచ్చినవాడిలా కోతలు కోసేవాణ్ణి. అక్కడ కాదనడానికి రైలు చూసినవాళ్లు ఎవరున్నారు?

పెట్టెలు చేసే పిచ్చి నాకు బెల్లం పొట్లం వల్ల పట్టుకుంది. శృంగవరపుకోట కొట్లో కొన్న బెల్లం గూడెం చేరాక విప్పితే, చుట్టిన కాగితం నిండా బొమ్మ రైళ్లు. దొరల పిల్లలు ఆడుకునే రేకు ఇంజను, దాని వెనక గూడ్సు పెట్టెలు, ఒక్కొక్కదాని కింద ధర. ఆ ఇంజను ధరకి మా గూడెంలో మంచి ఆవు వస్తుంది. కొనే యోగం లేనివాడికి చేసుకునే యోగమైనా ఉండాలి కదా అని, బెల్లం జిడ్డు తుడిచి ఆ కాగితాన్ని హాజరుపట్టీలో దాచాను.

జీతంలో ఇంటికి పంపగా మిగిలేది ఉప్పుకీ కిరసనాయిలుకీ సరిపోయేది. కాబట్టి నా కార్ఖానా అంతా ఆ కిరసనాయిలు డబ్బాతోనే మొదలైంది. డబ్బా రేకు పెట్టె గోడలకి. పగిలిన పలకల చెక్కచట్రాలు అడుగుభాగానికి. అన్నిటికన్నా కష్టం చక్రాలు, ఎందుకంటే రైలు చక్రానికి ఒక పక్క అంచు ఉండాలి. అది సంతలో కుట్టుమిషను వాడి దయ. దారం అయిపోయిన కర్ర రీలుకి రెండు కొసలా అంచు ఉంటుంది, మధ్యకి కోస్తే రెండు చక్రాలు. నేనెందుకంత ప్రేమగా తన దారం అయిపోవాలని ఎదురుచూస్తున్నానో ఆ దర్జీకి చాలాకాలం అర్థం కాలేదు. ఇరుసులకి నా గొడుగు చువ్వలు పీకాను. అతకడానికి చింతగింజల జిగురు, గట్టిగా పట్టాల్సిన చోట లక్క. రంగుకి ఎర్రమన్ను ఆముదంలో కలిపి పూశాను. మొదటి పెట్టెను వానాకాలంలో చీమలు తినేశాయి. జిగురు రుచిగా కుదిరిందన్నమాట.

కొలతల విషయంలో నేను మహా పట్టింపు మనిషిని. సెలవులకి వెళ్లినప్పుడు స్టేషను కంచె బయట, ఆగి ఉన్న గూడ్సు పక్కన నడిచి అడుగులు లెక్కపెట్టాను. ఎత్తు గొడుగుతో కొలిచాను. ఒక గొడుగు దాకా కొలత, ఆపైన అంచనా. అయినా నా బొమ్మ పెట్టెలో నేను గర్వపడిన వస్తువు ఒకటుంది, తలుపు గెడ. నా ఒక్కగానొక్క కోటు మెడకున్న ఇత్తడి కొక్కెం పీకి, తలుపుకి బయటవైపు పడేలా అమర్చాను. అసలు పెట్టెకి ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఆ ఏడు చలికాలమంతా కోటు మెడ దగ్గర చేత్తో పట్టుకుని పాఠాలు చెప్పాను.

ఇలా మూడు గూడ్సు పెట్టెలయ్యాయి. మనుషులెక్కే పెట్టె జోలికి మాత్రం పోలేదు. కిటికీలు కొయ్యడం నా చాకుకి చేతకాదు. అడిగినవాళ్లకి, సరుకు లేకపోతే దేశం నడవదు కాబట్టి గూడ్సే ముఖ్యం అని చెప్పేవాణ్ణి.

బడి నేల అలికే పెద్దామె ఒకామె ఉండేది. మొగుడు పోయాడు, గూడెంలో తమ్ముడి పంచన ఉండేది. ఒక్కతే కూతురు. ఆ కూతురూ అల్లుడూ అంతకు ముందు ఏడు కూలీల గుంపుతో అస్సాం తేయాకు తోటలకి వెళ్లారు. ఆ ఎండాకాలం కూలీలను తీసుకెళ్లే సర్దారు కబురు తెచ్చాడు. కూతురికి నెలలు నిండుతున్నాయి, తొలికాన్పు, అమ్మను పంపమంటోంది. వచ్చే సంతకి గుంపు బయల్దేరుతోంది, అందులో రావచ్చు. రెండు సంతల తర్వాత ఇంకో గుంపు వెళుతుంది, ఆపైన వానలు. కూతురి దగ్గర వేరే ఆడదిక్కు లేదు. ఆమెకి వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది, రైలంటే భయం. అంచేత నా దగ్గరికి వచ్చింది. ఆ కొండల్లో రైలు గురించి అడగాలంటే ఇంకెవరున్నారు?

నేను ఉబ్బిపోయి, మూడింటిలోకీ అందమైన పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఇందల కూసోబెడతారా బాబూ?" అంది.

"ఇది సరుకులదమ్మా. మనుషులది ఇలాగే ఉంటుంది, కిటికీలుంటాయి, అంతే."

చెప్పడానికి చెప్పాను గానీ, చేతిలో ఉన్నదాన్ని నమ్మినట్టు నోటిమాటను ఎవరు నమ్ముతారు?

"తలుపెలాగ మూత్తారు?"

ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా చూపించాను. తలుపు జరిపి, కొక్కెం తగిలించి, "చూశావా, ఇంక భూమి బద్దలైనా ఊడదు" అన్నాను. ఆమె పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊపింది. తర్వాత జాగ్రత్తగా కింద పెట్టేసింది.

"నానెల్లను బాబూ" అని లేచి వెళ్లిపోయింది.

ఆ సంతకి గుంపు వెళ్లిపోయింది. మర్నాడు ఆమె తమ్ముడు బడికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏటి సేసినావు బాబూ? నీ పెట్టె సూసినకాడ్నించి అప్ప కూడు తిన్నేదు. కూతురి కోసం ఏడుత్తాది, ఎల్లమంటే ఎల్లనంటాది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నా బొమ్మ వల్ల ఒక తల్లి కూతురి పురిటికి వెళ్లకుండా ఆగిపోయింది. అది తలుచుకుంటే నాకూ అన్నం సయించలేదు.

అయితే తెలివి మాత్రం ఎప్పటిలాగే తప్పుదారిలో పరిగెత్తింది. భయం ఎందుకు? చీకటి, గాలాడదు, అందుకే! కిటికీలున్న పెట్టె చేసి చూపిస్తే సరి. రెండో గుంపు వెళ్లేలోగా మనుషుల పెట్టె తయారు చెయ్యాలని కూర్చున్నాను. పది రోజులు పిల్లలు పద్యాలు వల్లించడం, నేను రేకు కొయ్యడం. ఒక్కో పక్క ఆరు కిటికీలు, ఒక్కోటి ఒక్కో సైజు, పాలపళ్లు ఊడుతున్న పిల్లాడి నోరులా. వేళ్లకి అయిదు చోట్ల గుడ్డపీలికలు. లోపల వెదురు బద్దల బెంచీలు. కిటికీల్లో ఒకటి తలుపులో, దాని కింద గూడ్సు పెట్టె నుంచి పీకిన అదే కొక్కెం. కొయ్య చాలక, బడి దేశపటానికి కింద ఉండే రూళ్లకర్ర కోసేశాను. ఆ పటం అప్పట్నుంచి దక్షిణాన చుట్టుకుపోయి, కన్యాకుమారి ఎవరికీ కనబడేది కాదు. చివరికి లక్కతో ఒక ముసలామెను కూడా చేసి బెంచీ మీద కూర్చోబెట్టాను. నా మనసుకి పరమానందంగా ఉంది.

ఆమె బడి అలుకుతుంటే తీసుకెళ్లి చూపించాను. పేడచేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. కిటికీలో వేలు పెట్టి చూసింది. బెంచీ చూసింది, లక్క ముసలమ్మను చూసింది.

"కిటికీలు బాగున్నాయి" అంది. "గెడ మల్లీ బయటే ఎట్టినావు."

"అలాగే ఉంటుందమ్మా. బయట నుంచి చూశాను, నాకు బాగా గుర్తు."

"మా ఇళ్లకి కిటికీలు నేవు. సీకటంటే నాకు బయవేటి? బయట్నించి గెడెట్టీది ఎవుల్ని బాబూ? మేకల్ని, కోళ్లని. సంతకి తోలుకెల్లీ పందుల్ని. మనిసన్నాక లోపల్నించి ఏసుకుంటాడు. నా కూతురు గుంటని అలాగ ఏసుకుపోనారా?"

ఆ గూడెంలో ఇళ్లు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కిటికీలు లేవు, ప్రతి తలుపుకీ లోపల అడ్డకర్ర ఉంది. పశువుల సాలకే బయట గెడ. కంటి ముందున్నది కనబడలేదు గానీ, కంచె బయట నుంచి చూసిన కొక్కెం మాత్రం కోటు చింపి మరీ పెట్టాను.

"నువ్వెక్కినప్పుడు తలుపెవులు తీసినారు?" అని అడిగింది.

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. పోర్టరు తీస్తాడనో, లోపల ఇంకో గెడ ఉంటుందనో అనెయ్యొచ్చు. ఉంటుందో ఉండదో నాకేం తెలుసు? ఆ మొహంలోకి చూస్తూ అనలేకపోయాను.

"నేనెప్పుడూ ఎక్కలేదమ్మా" అన్నాను.

తిడుతుందేమో అనుకున్నాను. నవ్వుతుందేమో అని అంతకన్నా భయపడ్డాను. ఆమె తన చేతిలోని పెట్టె నా ఒళ్లో పెట్టి, "అయితే నీకూ తెల్దు, నాకూ తెల్దు. ఎల్లి సూద్దుం. లోపల్నించి తీసీనాగుంటే ఎల్తాను, నేకపోతే నీతో తిరిగొచ్చేత్తాను" అంది. మూడు గూడ్సు పెట్టెలూ, పన్నెండు కిటికీలూ చెయ్యలేని పని ఆ ఒక్క నిజం చేసింది. చింతగింజలు నూరే ముందే ఆ ముక్క చెప్పి ఉండొచ్చు.

రెండో గుంపుతో పాటు నేనూ కొండ దిగాను. అనంతగిరి దారంట మూడు రోజుల నడక. ఆమె చంకలో సామల మూట, చేతిలో అంబలి బుర్ర. కూతురికని ఎండబెట్టిన ఏవో వేళ్లు కొంగున కట్టుకుంది. దారిలో గుంపులో వాళ్లు రైలు గురించి నన్ను ఏవేవో అడుగుతుంటే, ఆమె నా వైపు చూసి ఊరుకునేది. నా సంగతి ఎవరికీ చెప్పలేదు.

విజయనగరం స్టేషనులో రైలొచ్చి ఆగాక, సర్దారు అందర్నీ ఒక పెట్టె ముందుకి తోలాడు. ఆమె కదల్లేదు. "నువ్వెక్కు ముందు" అంది నాతో. ఎక్కాను. జన్మలో మొదటిసారి రైలు పెట్టెలో కాలు పెట్టాను. ఆమె బయట నుంచి తలుపు మూసింది, గెడ పడింది. లోపల తలుపంతా తడిమాను. పైనా కిందా ఎక్కడా పిడి లేదు. గెడ బయటే ఉంది, నా బొమ్మకున్నట్టే. ఇంజను ఆవిరి వదిలితే నన్ను అస్సాం తీసుకుపోతోందనే అనుకుని, తలుపు బాదడం మొదలుపెట్టాను. ఒక బడిపంతులు అలా బాదడం ప్లాట్‌ఫారం మీద అందరూ చూశారు.

ఆమె దగ్గరికొచ్చి తలుపుకున్న కిటికీలోంచి నన్ను చూసింది. "సెయ్యి బయటెట్టు బాబూ" అంది. చెయ్యి బయట పెట్టాను. "కిందకి." గెడ చేతికి తగిలింది. ఎత్తితే తలుపు తెరుచుకుంది. ఎవరు లోపలున్నా కిటికీలోంచి చెయ్యి చాచి తీసుకోవచ్చు, అంతే సంగతి. నేను ఆ కిటికీని కోశాను, ఆ గెడను పెట్టాను, ఒకదానికి ఇంకొకటి అందుతుందని తట్టలేదు.

అప్పుడామె ఎక్కింది. తానే మూసి, తానే చెయ్యి చాచి తీసింది. మళ్లీ మూసి, మళ్లీ తీసింది. మూడోసారి మూసి బెంచీ మీద కూర్చుంది. గార్డు ఈల వేశాడు. "ఎల్లు బాబూ. ఎపుడైనా ఓపాలి ఎక్కు, బయం నేదు" అంది. కళ్లనీళ్లు ఆగక నేను పక్కకి తిరిగాను.

వానల్లో కార్డు వచ్చింది. కూతురు తోట గుమాస్తా చేత రాయించింది, నాలుగే ముక్కలు. సంతలో పెద్దామె తమ్ముడికి చదివి వినిపించాను. అమ్మ క్షేమంగా చేరింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. పురుడు వచ్చిన నాలుగో రోజుకి అమ్మ వచ్చింది, అప్పటిదాకా ఒక్కతే పడింది.

నాలుగు రోజులు. మొదటి గుంపుతో వెళ్లి ఉంటే నొప్పులు మొదలయ్యే వేళకి తల్లి పక్కనే ఉండేది. కార్డులో ఆ మాట ఎవరూ రాయలేదు. లెక్క కట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. కార్డు మడిచి అతనికిచ్చాను.

అతను దాన్ని పంచె మడతలో దోపుకుని, "పోన్లే బాబూ, పిల్లా తల్లీ బాగున్నారు గదా. రైలు ఆలీసం అయిపోయుంటాది" అన్నాడు.

"అవును, రైళ్లు ఒక్కోసారి ఆలస్యమవుతాయి" అన్నాను. నా మాట మీద అతనికి ఇంకా నమ్మకముంది.